కింది పెట్టెలో గాలి

1979 జనవరి 8, సింగానల్లూరు

మిల్లుకి తాళం వేసి మాకు డైరీలు పంచారు. ఇదీ మా మిల్లు వాళ్ళ తెలివి. పని లేనివాళ్ళకి తారీఖులెందుకు? అట్ట మీద పొగగొట్టం బొమ్మ, కింద బంగారు రంగులో శుభాకాంక్షలు. పొయ్యిలో పెడదామనుకుని ఆగాను. కాగితం బాగుంది.

మొదటి పేజీలో పేరుకి గీత గీసి ఉంది. వాసుకి, వైండింగ్ డిపార్ట్‌మెంట్ అని రాశాను. మాట తెలుగు, అక్షరాలు అరవం. ఇంట్లో మాట్లాడేది ఒకటి, బడిలో నేర్పింది ఇంకొకటి. మా లైన్ ఇళ్ళలో అందరిదీ ఇదే కథ. అరవంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం కావడంతో తంటాలు ఇన్నీ అన్నీ కావు. పోయిన ఏడు అత్త కూతుర్ని చూడవచ్చే వాళ్ళకి నేనే కార్డు రాశాను, మాది గుడి పక్క ఇల్లు అని. వాళ్ళు కుడి పక్క ఇల్లు అని చదువుకుని, కుడి పక్కనున్న హెడ్ కానిస్టేబుల్ ఇంట్లో దిగారు. ఆయన కాఫీ కూడా ఇచ్చాడట.

జనవరి 10

మేలూరు నుంచి మాయాండి మేస్త్రీ మామ వచ్చాడు. రాతిపని, మట్టిపని మనుషుల్ని కూడగట్టి దూరపు ఊళ్ళకి తీసుకుపోతుంటాడు. కలకత్తాలో నేల కింద రైలు కోసం తవ్వుతున్నారట. నాయన పడీ పడీ నవ్వాడు. రైలు యాడన్నా నేల కింద పోతుందా, బావిలో పడిన ఎనుము మాదిరి, అని. నాయన ముప్ఫై ఏళ్ళుగా బావులు తవ్వుతున్నాడు. నేల కింద ఏముంటుందో తనకి తెలుసని ఆయన ధీమా.

అమ్మ నవ్వలేదు. నేల కింద అంటే అమ్మకి అయ్యప్పన్ మామే గుర్తొస్తాడు. అమ్మ తమ్ముడు. కినత్తుకడవు దగ్గర ఒక పాడుబావిలో పూడిక తీయడానికి దిగి, లోపల గాలి లేక పోయాడు. ఆ రోజు పైన తాడు పట్టుకుని నిలబడింది నాయనే. అప్పటి నుంచి నాయన ఏ బావిలోకీ ముందు మనిషిని దింపడు. లాంతరు వెలిగించి తాడుకి కట్టి దింపుతాడు. ఆరిపోతే ఆ రోజుకి పని లేదు. వెలుగుతూ ఉంటే, గాలి ఉండాదో అని ఊరంతా వినబడేట్టు ఒక కేక వేస్తాడు. ఆ కేక విన్నాకే ఎవరైనా దిగాలి.

చివరికి అమ్మ ఒప్పుకుంది. లాంతరు లేకుండా దిగకూడదు, నన్ను తోడు తీసుకుపోవాలి. నాకు టైప్ వచ్చు కాబట్టి సైట్ ఆఫీసులో పని ఇప్పిస్తానన్నాడు మేస్త్రీ మామ. మిల్లు తెరిస్తే పని పోకుండా గేటు దగ్గర మనిషి ఉండాలి కదా, అందుకని అమ్మ ఇక్కడే ఉంటుంది. మీ నాయన్ని మళ్ళీ పానంతో తెచ్చి నాకు ఒప్పజెప్పు అంది నాతో. ఆయన్ని నేనే కన్నట్టు.

ఫిబ్రవరి 2, కలకత్తా

గుంత చూశాను. రేపు రాస్తాను.

ఫిబ్రవరి 3

ఇవాళ కూడా మాట సరిగా రావడం లేదు. అయినా రాస్తాను.

ఊరి నడిబొడ్డున పెద్ద కూడలి. నాలుగు దిక్కుల నుంచీ ట్రాములొచ్చి కలుస్తాయి. ఆ కూడలి కింద నేలని తీసేశారు. పైన దూలాలు, దూలాల మీద పలకలు, వాటి మీద ట్రాములు గంట కొట్టుకుంటూ పోతున్నాయి. బస్సులు పోతున్నాయి. జామకాయలమ్ముకునేవాడు బుట్ట పెట్టుకుని కూర్చున్నాడు. వాడి కింద నేల లేదు. ఆ సంగతి వాడికి పట్టినట్టే లేదు. మెట్లు దిగి కిందికి పోతే మా మిల్లులాంటివి రెండు అందులో పెట్టి మూత వేయొచ్చు, అంత చోటు. తల ఎత్తి చూస్తే పలకల సందుల్లోంచి ట్రాము చక్రాలు కనబడ్డాయి. నేను నోరు తెరుచుకుని నిలబడితే మేస్త్రీ మామ, ఈగలు పోతాయి మూసుకోమ్మే అన్నాడు.

నాయనకి మతి పోయింది మాత్రం గోడ చూసి. బావికైతే ముందు తవ్వుతాం, తర్వాత గోడ కడతాం. వీళ్ళు ముందు గోడ కట్టి తర్వాత తవ్వుతారు! నేలలో సన్నగా లోతుగా చీలిక తవ్వుతూ, అది కూలకుండా అందులో చిక్కటి బురదనీళ్ళు నింపుతారు. మా మిల్లులో పడుగుకి పట్టించే గంజిలా ఉంటుంది. అందులోకి ఇనుప చట్రం దింపి అడుగు నుంచి కాంక్రీటు పోస్తుంటే గంజి పైకి తేలి వచ్చేస్తుంది. గోడ గట్టిపడ్డాక రెండు గోడల మధ్య మన్ను తీసుకుంటూ పోతారు. నాయన ఆ గోడని అరచేత్తో తట్టి తట్టి చూశాడు. ఇక్కడ రాయి అనేదే లేదు, అంతా బంకమన్ను. పార వేస్తే పట్టుకుని వదలదు. ముప్ఫై ఏళ్ళుగా కొట్టింది రాయి, ఇప్పుడు ఈ మెత్తదానితో ఎట్టా ఏగేది అని దిగులు పడ్డాడు. దిగులు ముఖంలో లేదు. పదేళ్ళు తగ్గినట్టున్నాడు.

ఫిబ్రవరి 20

డ్రాయింగ్ చూశాను. టైప్ చేయడానికి పోయి టేబుల్ మీద పరిచి ఉంటే చూస్తూ ఉండిపోయాను. ఇంజినీరు బెంగాలీ ఆయన, పెద్దాయన. తిడతాడనుకున్నాను. కూర్చోమని ఇంగ్లీషులో అంతా చెప్పాడు.

గుర్రాలు ట్రాములు లాగిన కాలం నుంచీ జనం ఈ కూడలిలోనే ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కుతున్నారట. పైన ఉన్న కూడలే కిందికీ దిగుతోంది. రెండు లైన్లు ఒకే ఎత్తులో అడ్డంగా వస్తే ఒక రైలు కోసం ఇంకొకటి ఆగాలి. అందుకని ఒకటి పైన, ఒకటి దాని కింద. పడుగూ పేకా అనుకున్నాను. మధ్యలో మెట్లు. పైరైలు దిగినవాళ్ళు ఒక దారిన కిందికి, కింది రైలు దిగినవాళ్ళు ఇంకో దారిన పైకి. ఎంతమంది వచ్చినా ఒకళ్ళకొకళ్ళు ఎదురుపడరు. గోడ వెడల్పు, మెట్టు ఎత్తు, జనం ఎక్కడ తడబడి ఆగుతారో అదీ ముందే ఆలోచించారు. షిఫ్ట్ మారేటప్పుడు మా మిల్లు గేటు దగ్గర తొక్కిసలాట గుర్తొచ్చి కోపం వచ్చింది. ఒక్క గేటు ఎక్కువ పెట్టాలని ఎవడికీ తోచలేదు.

అయితే కింది లైను ఇప్పుడు వేయరట. ఎప్పుడు వేస్తారో కూడా తెలియదు. కానీ పైన రైళ్ళు తిరగడం మొదలయ్యాక కింద తవ్వడం చాలా కష్టం. అందుకని ఇప్పుడే కింద ఒక కాంక్రీటు పెట్టె కట్టి, రెండు కొసలూ మూసి, ఖాళీగా వదిలేస్తారు. ఇంకా పుట్టని రైలుకి ఇల్లు. ఆ కింది పెట్టెలో మన్ను తీసే పని మా వాళ్ళదే.

సాయంత్రం నాయనకి అంతా చెప్పాను. రైలు ఏ సంవత్సరం వస్తుందని ముందు అదే అడిగాడు. ఇరవై ఏళ్ళో, ముప్ఫయ్యో, ఎవరికీ తెలియదన్నాను. పారకి అంటిన బంకమన్ను గీకుతూ కూర్చున్నాడు. బావి తవ్వితే ఆ ఏడే నీళ్ళు తాగుతాం కదా అన్నాడు చివరికి.

ఫిబ్రవరి 23

నాయన నన్ను వెంటబెట్టుకుని ఇంజినీరు దగ్గరికే పోయాడు. ఒక్క ప్రశ్న. చీకటి గుహలో వంపు తిరిగి వచ్చే రైలు వస్తా ఉండాదని ప్లాట్‌ఫారం మీద మనిషికి ఎట్టా తెలుస్తుంది? నేను ఇంగ్లీషు చేసి చెప్పాను. పెద్దాయన నవ్వి, సైకిల్ పంపు చూపించి చెప్పాడు. గొట్టంలో పిడి నెట్టినట్టు రైలు తన ముందున్న గాలిని నెట్టుకుంటూ వస్తుంది. రైలు కనబడక ముందే, చప్పుడు కూడా వినబడక ముందే గాలి వస్తుంది.

నాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేల కిందికి గాలి దానంతట అదే వస్తుందా అని నన్ను రెండోసారి అడిగాడు. ఆయనకి అయ్యప్పన్ మామ గుర్తొచ్చాడని నాకు తెలుసు.

మార్చి 11

కింది పెట్టెలోకి దిగడానికి ఒక చెక్కమూత, దాని కింద నిచ్చెన. పొద్దున్నే నాయన లాంతరు దింపి చూస్తాడు. బెంగాలీ కూలీలు మొదట్లో నవ్వారు, ఇప్పుడు వాళ్ళూ ఆయన లాంతరు చూశాకే దిగుతున్నారు. కానీ పంపుల మోతలో కేక వినబడడం లేదు. ఎవరికి వాళ్ళు వచ్చి, గాలి చూశావా, చూశావా అని అడుగుతున్నారని నాయనకి విసుగు. నాకు ఆ ఒక్క మాట రాయడం నేర్పు, మూత మీద రాస్తా అన్నాడు.

నేర్పాను. గాలి. నాలుగు రోజులు పట్టింది. నాయన జన్మలో రాసిన మొదటి మాట, ఒకే ఒక్క మాట. సున్నపు కడ్డీతో అరచేయంత అక్షరాలు రాసి దూరం జరిగి చూసుకుంటాడు. మనుషులు దిగే ముందు రాస్తాడు, అందరూ పైకి వచ్చాక తుడుస్తాడు. చదవడం రాని బెంగాలీ వాళ్ళు కూడా ఆ గీతలుంటే దిగొచ్చని నేర్చుకున్నారు.

ఏప్రిల్ 29

మిల్లు తెరవలేదని అమ్మ కార్డు. నాయన ఎట్టున్నాడని మూడు చోట్ల అడిగింది. నా గురించి ఒక్కచోట కూడా లేదు.

జూన్ 6

కింది పెట్టె ఆకారానికి వచ్చింది. నేనూ దిగాను. నాయన నన్ను నడిమధ్య నిలబెట్టి, సద్దు చేయొద్దన్నాడు. మన తల మీద పైస్టేషను, దాని మీద వీధి, వీధి మీద ట్రాములు. ఇంత ఊరు మోస్తున్నా గోడ కిక్కురుమనడం లేదు. ఏ దేవుడి ముందూ నాకింత భయభక్తులు కలగలేదు. ఈ మాట అమ్మ చదవకూడదు.

నాయన ఇప్పుడు అన్నం కూడా అక్కడే తింటున్నాడు. ఆయన ఆశ ఒకటే. ఈ రైలు చూడాలి. ఆయన వయసెంతో ఆయనకే తెలియదు. నేను లెక్క వేయబోయి మానేశాను.

జూలై 18

బెంగాలీ పెద్దాయనకి బదిలీ. ఆయన చోట్లో సుందరరాజన్ సార్ వచ్చాడు, మదురై మనిషి. అరవం వినగానే మాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంటిపట్టున భూములూ మిల్లు వాటాలూ ఉన్న నాయుళ్ళట. వాళ్ళ పాట్టి, అంటే అవ్వ, తెలుగే మాట్లాడేదట, తర్వాత ఇంట్లో పోయిందట. తనకి వచ్చిన తెలుగు రా, పో, బువ్వ, అంతేనని నవ్వాడు. మంచివాడు. కూలీలతో కలిసి టీ తాగుతాడు.

మేస్త్రీ మామ సంబరం ఇంతా అంతా కాదు. ఇంతకాలానికి మన రాత సదివే దొర వచ్చినాడు అన్నాడు.

ఆగస్టు 14, మధ్యాహ్నం

జరిగింది జరిగినట్టు వరసగా రాస్తాను.

పొద్దున్నించీ ఒకటే వాన. వీధిలో నీళ్ళు మోకాలి లోతు. పైస్టేషను గుంతలోకి నీళ్ళు దూకుతున్నాయి. పంపులు రెండు ఆగిపోయాయి. కొత్తగా పోసిన కాంక్రీటు మునిగేట్టుంది. నేను పైన షెడ్డులో ఉన్నాను. సుందరరాజన్ సార్ నిలువునా తడిసి వచ్చాడు. భయం లేదు, కింది పెట్టె మూత బిగించి, పైనీళ్ళు అందులోకి పోయేట్టు వాల్వ్ తిప్పించేశాను, అదెట్టాగూ ఊరికే ఉన్నదే కదా, హెడ్డాఫీసుకి ఫోన్ చెయ్ అన్నాడు. రిసీవర్ తీశాను. లోపల మనుషులు లేరని ఎట్టా తెలిసిందని అడిగాను, వానకి అందరూ ఎప్పుడో పైకి వచ్చేసుంటారనుకుని, మాటవరసకి. మీ వాళ్ళే మూత మీద కాలి అని పెద్దగా రాశారు కదా అన్నాడు.

అరవంలో కాలి అంటే ఖాళీ. గాలి అని రాసినా అరవంలో కాలి అనే పడుతుంది.

ఇంతకాలం చదవడం రానివాళ్ళ మధ్య ఆ మాట భద్రంగా ఉంది. చదవడం వచ్చినవాడు వచ్చి చదివాడు.

అది కాలి కాదు సార్, గాలి అని అరిచాను. ఆయన అవునవును గాలియే అన్నాడు. అరవవాళ్ళు ఖాళీని అట్టా కూడా పలుకుతారు! గాలి గాలి అని నేను అరిచేకొద్దీ ఆయన తల ఊపుతున్నాడు. ఆ క్షణం నాకు ఇంకో మాట తట్టలేదు. నోట్లో ఉన్నది అమ్మ భాష ఒక్కటే. ఆయన చొక్కా పట్టుకుని లాగాక గాలికి అరవం మాట వచ్చింది. కాత్తు సార్, కాత్తు, మా అప్పా ఉళ్ళ ఇరుక్కారు అన్నాను. గాలి అని రాసి ఉంటే లోపల మనుషులున్నారని అర్థం, మా నాయన లోపల ఉన్నాడని.

ఆయన ముఖం ఎట్టా అయిందో రాయలేను. నాకంటే ముందు ఆయనే పరిగెత్తాడు. మెట్ల మీద పడి లేచి మళ్ళీ పరిగెత్తాడు. వాల్వ్ తన చేత్తోనే తిప్పాడు. మూత చెక్కలు నాని బిగిసిపోయాయి. మేస్త్రీ మామ గడ్డపార వేసి లేపుతుంటే మేమంతా గోళ్ళతో లాగాం. మూత మీద నాయన అక్షరాలు వానకి సగం కారిపోయి ఉన్నాయి.

మూత లేచింది. ముందు లాంతరు పైకి వచ్చింది. వెలుగుతోంది. దాన్ని ఎత్తి పట్టుకున్న చేయి, తర్వాత నాయన తల. నిచ్చెన కొసన నిలబడి ఉన్నాడు, కింద గుండెల లోతు నీళ్ళు. ఆయన వెనక మా జట్టులోని చెల్లప్ప అన్నా, ఇంకో ఇద్దరూ నిచ్చెనని కరుచుకుని ఉన్నారు. పైకి వచ్చీ రాగానే నాయన మా అందరినీ కలిపి తిట్టాడు. మూత ఏసిందెవుడ్రా, గాలి ఉండాదని రాసినా కదరా, మీకు కళ్ళు లేవా అని.

ఆగస్టు 16

అమ్మకి రాయలేదు. రాస్తే ఏ అక్షరం ఏమని చదువుకుంటుందో.

ఆగస్టు 19

సుందరరాజన్ సార్ మా పాకకి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, నాయన పక్కన నేల మీద కూర్చున్నాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు వాళ్ళ పాట్టి, గాలి లేదురా, గాలి లేదురా అని సణిగేదట. చిన్నప్పుడు ఈయన లోపలికి పోయి నీళ్ళకుండా, మజ్జిగకుండా అన్నీ చూసి వచ్చి, ఏదీ ఖాళీగా లేదు పాట్టీ, అన్నీ నిండుగానే ఉన్నాయి అని చెప్పేవాడట. ఆమె విసనకర్రతో ఒకటి వేసేదట. ఎందుకు కొట్టేదో మొన్న నిచ్చెన దగ్గర అర్థమైంది అన్నాడు. అని ఏడ్చాడు.

నేను అరవంలోంచి తెలుగు చేసి చెప్పాను. నాయన ముందు నవ్వాడు. తర్వాత ఆయన వీపు నిమిరాడు. నీళ్ళు పైకి వస్తా ఉంటే నువ్వేం చేశావు నాయనా అని నేను అప్పుడడిగాను, ఇన్ని రోజులూ అడగలేక. లాంతరు చూస్తా ఉన్నా అన్నాడు. నీళ్ళు ఎక్కేకొద్దీ దాన్ని పైకెత్తాడట. అది వెలుగుతున్నంతసేపూ భయం వేయలేదట.

నవంబర్ 30

రేపు కింది పెట్టె మూసేస్తారు.

ఇవాళ నాయన ఉలి, సుత్తి పట్టుకుని దిగాడు. గోడ మీద ఆ మాట చెక్కుతానని సార్‌ని అడిగితే ఆయన మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. అయితే ఈసారి తెలుగు అక్షరాల్లో చెక్కమన్నాడు, పొరపాటుకి తావు లేకుండా. నాయన నా వైపు చూశాడు. నేను మేస్త్రీ మామ వైపు చూశాను. ఇంతమంది తెలుగువాళ్ళం, మాలో ఒక్కరికీ తెలుగు గ రాయడం రాదు. సిగ్గేసింది.

నాయనకి సిగ్గూ లేదు ఏమీ లేదు. తనకి వచ్చినట్టే అరవంలో చెక్కాడు. ఇన్నాళ్ళకి చేతికి గట్టిది తగిలిందని సంతోషం. ఎప్పుడో దీన్ని తెరిచే వాళ్ళు ఖాళీ అని చదువుకుంటారు నాయనా అన్నాను. సదువుకోనీ, రైలు వచ్చి సెప్తుందిలే అన్నాడు.

వచ్చేటప్పుడు గోడకి దణ్ణం పెట్టాడు. నేనూ పెట్టాను.

1984 అక్టోబర్ 26, సింగానల్లూరు

పేపర్లో ఫోటో. పైలైను మొదలైంది. నాయన పేపర్ తిరగేసి వెనక పేజీ చూశాడు. కింది రైలు ఏదీ అన్నాడు.

1991 మే 3

నాయన పోయాడు. కింది రైలు రాలేదు.

2009 జనవరి 17

మిల్లు పొగగొట్టం పడగొట్టారు. డైరీ అట్ట మీద ఇంకా ఉంది.

2024 ఏప్రిల్ 9, కలకత్తా

కింది ప్లాట్‌ఫారం. గోడలన్నిటికీ టైల్స్. నాయన మాట దేని వెనక ఉందో తెలియదు.

రైలు కనబడలేదు. చప్పుడు కూడా లేదు. నా కొంగు లేచింది.